మామయ్యగారి అంబాసిడర్ మళ్ళీ కదిలింది

మా అశ్వారావుపేటను మీలో చాలామంది బస్సు కిటికీలోంచి చూసే ఉంటారు. సత్తుపల్లి దాటాక రోడ్డుకి రెండువైపులా పామాయిల్ తోటలు మొదలవుతాయి చూడండి, అక్కణ్ణుంచి మా సీమే. ఒకవైపు సత్తుపల్లి, ఇంకోవైపు దమ్మపేట, మరోవైపు జీలుగుమిల్లి. వినాయకపురం వైపు తిరిగితే అడవి, కోయగూడేలు. పెళ్ళయి నేను ఈ ఊరు వచ్చినప్పుడు జీడిమామిడి, మామిడి తోటలు ఇంకా చాలా ఉండేవి. తరువాత తరువాత ఎటు చూసినా పామాయిలే. గెల కోశాక ఒక రోజులోగా ఫ్యాక్టరీకి చేరాలి, ఆలస్యమైతే నూనె పాడవుతుంది. అందుకని కోత రోజుల్లో మా ఊరి రోడ్డు మీద గెలల ట్రాక్టర్లు పెళ్ళివారి బళ్ళలాగా వరసకట్టి పోతుంటాయి.

ఇంట్లో నాలుగు నెలలుగా జరిగిన ఒక భాగోతం మీకు చెప్పాలని ఈ కాగితం పట్టుకున్నాను. వంటల పేజీ చదివే మనకి కార్ల గొడవెందుకని పేజీ తిప్పేయకండి. ఇందులో కిరోసిన్ స్టవ్ పిన్ను ఉంది, వెనిగర్ ఉంది, వేపాకు ఉంది, మా అత్తగారి వక్కాకు సంచి కూడా ఉంది.

మా మామయ్యగారికి ఒక అంబాసిడర్ ఉండేది. 1996 మోడలు, తెల్లది, డీజిలు బండి. అంబాసిడర్ అంటే ఇప్పటి పిల్లలకి సినిమాల్లో మంత్రిగారు దిగే కారు. బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో యాభయ్యేళ్ళకు పైగా చేశారు దాన్ని, 2014 మే నెలలో ఆపేశారు. మామయ్యగారికి మాత్రం అది మంత్రిగారి కారు కాదు, తోట బండి. డిక్కీలో ఎరువు బస్తాలు, వెనక సీట్లో కూలీలు, పైన కారియర్ మీద అరటి గెలలు. 2005లో 108 బండ్లు రాకముందు వినాయకపురం అవతలి గూడేల నుంచి అర్ధరాత్రి ఎవరైనా పరిగెత్తుకొస్తే, పురుడు నొప్పులన్నా, పాము కాటన్నా ఆయన పంచె ఎగగట్టి తాళంచెవి తీసేవారు. నేను కొత్తకోడలిగా ఉన్న రోజుల్లో వారానికొకసారైనా ఆ ఇంజను చప్పుడుకి నిద్ర లేచేదాన్ని. ఆ కారులో పుట్టిన పిల్లలు ఇద్దరున్నారని అత్తగారు ఇప్పటికీ చెబుతారు. ఆ మర్నాడు సీటు కవర్లు ఉతికినది ఎవరో మాత్రం ఎవ్వరూ చెప్పరు. నేనే.

అంతమందిని ఆస్పత్రికి చేర్చిన కారు, ఆయన వంతు వచ్చేసరికి కదల్లేదు.

2015 ఆగస్టు. రెండు రోజులుగా ముసురు. రాత్రి పదకొండు దాటాక ఆయనకి గుండెలో నొప్పి అన్నారు. మావారు పరుగున వెళ్ళి సెల్ఫ్ కొడితే "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ కొడితే అది కూడా లేదు. బ్యాటరీ పడుకుంది. నేను, మావారు, పక్కింటి అబ్బాయి కలిసి తోశాం. మా వాకిలంతా బురద, చక్రం తిరగదు. చివరికి పక్క వీధిలో ఆటో తెప్పించేసరికి అరగంట పైన పట్టింది. సత్తుపల్లి చేరకముందే, దారిలోనే, ఆయన వెళ్ళిపోయారు. అరగంట ముందు బయల్దేరితే బతికేవారా అని నన్నడగకండి. డాక్టరుగారు చెప్పలేకపోయారు, నేనేం చెబుతాను.

ఆ సాయంత్రం తోట నుంచి వానలో లైట్లు వేసుకుని కారు తెచ్చింది మావారే. పార్కింగ్ లైటు ఆపడం మరిచిపోయానని ఆయన మనసులో నాటుకుపోయింది. పన్నెండో రోజు అయిన మర్నాడే నలుగురు కూలీల చేత కారుని తోయించి, తోట అంచున రేకుల షెడ్డులో పెట్టించి, పైన పట్టా కప్పించారు. తాళంచెవి ఎక్కడ పెట్టారో నాకూ చెప్పలేదు. కారు పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవారు. అమ్మేద్దామంటే అత్తగారు ఒప్పుకోరు, వాడదామంటే కొడుకు ఒప్పుకోడు. ఏటేటా ఆయుధపూజ నాడు అత్తగారు ఒక్కరే షెడ్డుకి వెళ్ళి, పట్టా మీదే పసుపు, కుంకుమ అద్ది, ఒక నిమ్మకాయ పెట్టి వచ్చేవారు. తొమ్మిదేళ్ళు ఇలాగే గడిచాయి.

2024 జూలైలో పెద్ద వానలు పడ్డాయి కదా, గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి కింద ఊళ్ళు మునిగాయి, పేపర్లో చదివే ఉంటారు. ఆ గాలివానకే మా షెడ్డు రేకు ఒకటి లేచిపోయి పట్టా చిరిగింది. రేకు వేయించడానికి వెళ్ళిన మావారు కారుని అన్నేళ్ళ తరువాత మొదటిసారి చూశారు. వచ్చి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పాత ఇనుము వ్యాపారిని వెంటబెట్టుకొచ్చారు. అతను చుట్టూ తిరిగి, తట్టి చూసి, ఇరవై ఎనిమిది వేలన్నాడు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఏడవలేదు, అరవలేదు. "అమ్మెయ్ నాయనా. ఒక్కసారి నన్ను దాంట్లో మద్ది ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్ళి, ఆ తరవాత అమ్మెయ్" అన్నారు. తొమ్మిదేళ్ళుగా కదలని బండిలో! మావారు నా మొహం చూశారు. నేను గరిటె కిందపెట్టి, "పెద్దావిడ ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఒక మేస్త్రిని పిలిచి చూపిద్దాం" అన్నాను. ఇందులో నా పాత్ర ఇంతే అనుకున్నాను. తరువాత చూడండి నా గతి!

దసరా వెళ్ళాక ఒక ఆదివారం మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి, చిన్నప్పట్నుంచి అంబాసిడర్లే విప్పి బిగించిన చేతులు. మావారు ఉత్సాహంగా కొత్త బ్యాటరీ తెచ్చి సిద్ధంగా పెట్టారు, తగిలించి సెల్ఫ్ కొట్టడమే అనుకుని. మేస్త్రి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఆగండి బాబూ. ఏళ్ళ తరబడి నిలబడిన ఇంజనుకి ముందు సెల్ఫ్ కొడితే ఉన్నది కూడా పోతుంది. లోపల పిస్టన్లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. బలవంతం చేస్తే విరుగుతాయి" అన్నాడు. మీ ఇంట్లో, పుట్టింట్లో ఇలా మూలనపడ్డ కారు ఉంటే ఈ ఒక్క మాటా గుర్తుపెట్టుకోండి. ఎంత ఆత్రం ఉన్నా తాళంచెవి తిప్పకండి.

ముందు బానెట్ తీశాడు. అమ్మో! పామాయిల్ తోటలో ఎలుకలు ఎలా ఉంటాయో మా ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. గెలలు తిని పందికొక్కుల్లా బలుస్తాయి. గాలి పీల్చే డబ్బా ఉంటుంది కదా, దాని నిండా గూడు. మా సీట్లలోని కొబ్బరిపీచు, పామాయిల్ గెలల పీచు, ఎవరిదో రవిక ముక్క కూడా కలిపి శుభ్రంగా పరుపు చేసుకున్నాయి. వైర్లు కొరికేశాయి. ఎలుకలున్నచోట పాములు ఉంటాయి కదా, స్టెప్నీ టైరు మధ్యలో బారెడు కుబుసం కనిపించింది. తలుపు సందుల్లో కందిరీగల మట్టి గూళ్ళు. ఒక తలుపు చెక్కని చెద సగం తినేసింది. సెల్ఫ్ కొట్టి ఉంటే ఆ గూడు పీచంతా ఇంజనులోకి పోయేదట.

ఆ తరువాత చేసినది నాకు చాలా నచ్చింది. డీజిలు బండికి స్పార్క్ ప్లగ్గులుండవు, నాజిళ్ళుంటాయి. సన్నటి చిల్లుల్లోంచి డీజిలుని పొగమంచులా చిమ్ముతాయి. పాత కిరోసిన్ స్టవ్ మంట ఎర్రబడితే పిన్ను పెట్టి పొడిచేవాళ్ళం గుర్తుందా, అదే సంగతి. మేస్త్రి ఆ నాలుగు నాజిళ్ళూ విప్పి సత్తుపల్లి వర్క్‌షాపులో పరీక్ష చేయించమని మావారికిచ్చాడు. వాటి చోట్లలోంచి ఒక్కో సిలిండర్లోకి కొంచెం కొంచెం ఇంజనాయిలు, డీజిలు కలిపి పోశాడు. "ఇక వారం రోజులు దీని జోలికి ఎవరూ రావద్దు, నాననివ్వండి" అని వెళ్ళిపోయాడు. పెసలు నానబెట్టినట్టు ఇంజనుని నానబెట్టడం నేనెప్పుడూ వినలేదు.

మరుసటి ఆదివారం ముందు కప్పీ నట్టుకి పెద్ద పానా తగిలించి మెల్లగా తిప్పాడు. కదల్లేదు. మళ్ళీ ఆయిలు పోశాడు. అరగంట ఆగి ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం ఊపాడు. మూడోసారి "కిర్ర్" మంటూ పావు చుట్టు తిరిగింది. మేస్త్రి కళ్ళు మూసుకుని చెవి ఒగ్గి విన్నాడు, డాక్టరు గుండె చూసినట్టు. "బతికే ఉందమ్మా" అన్నాడు. మావారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఇంజను పని వాళ్ళిద్దరిదీ, లోపలి శుభ్రం నాది. నలభై దాటిన నడుముతో అంబాసిడర్ వెనక సీటు కింద దూరి తుడవడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? వాసన ముందు సంగతి. బూజు, ఎలుక మూత్రం, నానిన పీచు కలిసిన కంపు. సీట్లన్నీ విప్పించి నాలుగు రోజులు ఎండబెట్టాను. ఎలుకలు తిరిగినచోట పొడిగా ఊడ్చకండి, ఆ దుమ్ము పీల్చకూడదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, ముందు ఫినాయిలు నీళ్ళు చల్లి తడిపి, తరువాతే తుడవాలి. రెక్సిన్ మీద బూజుకి సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి తుడిచాను. వంటసోడా నేల మీద చల్లి రెండు రాత్రులు వదిలేశాను. అప్పటికీ పోని వాసన ఎండుకే పోయింది. వేపాకు, కర్పూరం చిన్న మూటలు కట్టి సీట్ల కింద పెట్టాను. సీటు కవర్లకి మా పాత నీలం కర్టెన్లు సరిపోయాయి. ఇంట్లో కుట్టుమిషను ఉంటే ఒక రోజు పని.

రెండో రోజున వెనక సీటు తీసిన చోట, ఇనప బద్దీకి ఇరుక్కుని ఒక గుడ్డసంచి దొరికింది. ఎలుకలు ఒక మూల కొరికాయి. లోపల వక్కపలుకులు, ఎండి నల్లబడ్డ ఆకులు, చిన్న సున్నపు డబ్బా. అత్తగారి వక్కాకు సంచి. ఎప్పుడో పోయిందని ఆవిడ కొత్తది కుట్టుకున్నారు. నవ్వుతూ తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని చూసి మంచం మీద కూలబడిపోయారు. ఎంతసేపటికీ మాటలేదు. మంచినీళ్ళిచ్చాను, తాగలేదు. చివరికి, "అమ్మాయ్, తలుపు వెయ్యి" అన్నారు. వేశాను.

"ఆ సాయంత్రం కరెంటు లేదు. ఈ సంచి కారులో మరిచానని వెతుక్కోడానికి వెళ్ళాను. వాన. కారులో పైన దీపం ఉంటుంది చూడు, అది వేసుకుని సీట్లన్నీ వెతికాను. దొరకలేదు. మీ మామయ్య కాఫీ అని కేకేశారు, వచ్చేశాను. ఆ దీపం ఆర్పానో లేదో గుర్తులేదే. తొమ్మిదేళ్ళ నుంచి రోజూ పడుకునే ముందు ఆలోచిస్తాను. గుర్తు రాదు."

మీరే నా స్థానంలో ఉంటే ఏం చేసేవారో చెప్పండి. ఒకే ఇంట్లో, ఒకే కంచం కడిగే చోట, తల్లి ఒక మూల, కొడుకు ఒక మూల అదే ముల్లు గుచ్చుకుని తొమ్మిదేళ్ళు తిరిగారు. నేను ఇద్దరికీ అన్నం పెట్టాను గాని ఒక్కరి సంగతీ తెలుసుకోలేకపోయాను. "ఆయనకి చెబుదాం అత్తయ్యా" అన్నాను. "వద్దు, వాడికి తెలిస్తే నా మొహం చూడడు" అన్నారు. "ఆయన ఇన్నాళ్ళూ తన మొహమే తను చూసుకోవట్లేదు" అన్నాను. అనకూడని మాటేమో గాని, నోట్లోంచి వచ్చేసింది.

ఆ రాత్రి ఆవిడే చెప్పారు. నేను వంటింట్లోనే ఉన్నాను, గిన్నెలు కడుగుతున్నట్టు. మావారు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "పార్కింగ్ లైటు నేను వదిలేశాననుకున్నానమ్మా" అన్నారు. అంతే, ఇద్దరూ మళ్ళీ మాట్లాడలేదు. కాని మర్నాడు పొద్దున్న కాఫీ ఆయనే తీసుకెళ్ళి తల్లికిచ్చారు. మా ఇంట్లో అది నేను చూడని విషయం.

ఆదివారం మేస్త్రి పాత బ్యాటరీ కింద పెడుతుంటే మావారు ఉన్న సంగతి చెప్పి అడిగారు, ఏ లైటు వల్ల పడిపోయి ఉంటుందని. అతను మూతలు తీసి చూపించాడు. నీళ్ళు ఎండిపోయి పలకల మీద తెల్లటి పూత. ముందు పెట్టెలో దొరికిన వారంటీ కార్డు మీద 2010 అని ఉంది. "ఐదేళ్ళు వాడిన బ్యాటరీ బాబూ. డీజిలు ఇంజను తిప్పాలంటే బ్యాటరీకి చాలా బలం కావాలి, అందులోనూ వానల్లో చల్లబడిన ఇంజను. బ్యాటరీ మంచిదైతే చిన్న బల్బు నాలుగు గంటలు వెలిగినా ఏమీ కాదు. ఇది ముసలిదైపోయింది. ఆ రాత్రి కాకపోతే ఇంకో రాత్రి" అన్నాడు. అది నిజమో, మా కోసం అన్నాడో నాకు తెలీదు. ఏ లైటు వెలిగిందో, అసలు ఏదైనా వెలిగిందో లేదో ఇక ఎవరూ తేల్చలేరు. మావారు ఆ వారంటీ కార్డు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ తరువాత పని చకచకా సాగింది. అంతకుముందు మేస్త్రికి పానాలు అందించడానికి కూడా విసుక్కున్న మనిషి, ఇప్పుడు తనే కారు కింద దూరాడు. డీజిలు ట్యాంకు దించితే అడుగున నల్లటి జిగురు, నీళ్ళు. కడిగి ఆరబెట్టారు. రబ్బరు గొట్టాలన్నీ మార్చారు. రేడియేటరు కడిగితే కుంకుడురసంలా ఎర్రటి నీళ్ళు వచ్చాయి. బ్రేకులు మరీ అన్యాయం. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుందట, అందుకని లోపల సిలిండర్లు తుప్పు పట్టిపోయాయి. నాలుగు చక్రాలవీ విప్పాల్సి వచ్చింది. వాటి సామాను మా చుట్టుపక్కల దొరక్క మావారు బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ వెళ్ళారు. అక్కడ దొరకని కారు సామాను ఉండదంటారు, నిజంగానే ఒక్క పూటలో అన్నీ తెచ్చారు. టైర్లు చూడటానికి గట్టిగానే ఉన్నాయి, నేను బాగున్నాయనుకున్నాను. మేస్త్రి పక్కన ఉన్న నాలుగంకెలు చూపించాడు. 1511 అంటే 2011వ సంవత్సరం పదిహేనో వారంలో చేసినవి. గాడులున్నా లోపల రబ్బరు చచ్చిపోతుందట. మీ ఇంట్లో కారు టైర్ల మీద ఒకసారి ఆ అంకెలు చూసుకోండి, కాయగూరలు గిల్లి చూసినట్టు. మీది పెట్రోలు కారైతే ఇంకో సంగతి. ఇప్పటి పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమని లాక్కుంటుంది, పాతకాలం రబ్బరు గొట్టాల్ని పాడు చేస్తుంది. వాడని బండిలో నెలల తరబడి పెట్రోలు ఉంచకండి.

స్టార్టు చేసిన రోజు జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన ఆదివారం. బోరు మోటారు నీళ్ళు ఎత్తకపోతే గొట్టంలో నీళ్ళు పోసి గాలి తీస్తాం కదా, డీజిలు బండికీ అలాగే గాలి తీయాలి. మేస్త్రి ఫిల్టరు దగ్గర చిన్న స్క్రూ వదులు చేసి, చేత్తో పంపు కొడుతుంటే మొదట నురగ వచ్చింది, తరువాత బుడగలు, చివరికి నిండు డీజిలు. అత్తగారు స్నానం చేసి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మేస్త్రి తాళంచెవి మావారి చేతికిచ్చి, "మీరే కొట్టండి" అన్నాడు. ఆయన చెయ్యి వణకడం నేను చూశాను.

మొదటిసారి తిరిగి తిరిగి ఆగింది. రెండోసారి ఒక దగ్గు. మూడోసారి తెల్లటి పొగ మా చింతచెట్టు దాకా కమ్ముకుంది, ఆ పొగలోంచి డగడగడగ మంటూ ఆ చప్పుడు. వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. అర్ధరాత్రి నిద్రలేపే పాత చప్పుడే. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "పెద్దాయన వచ్చారా ఏమిటి!" అంది. అనేశాక నాలుక కరుచుకుంది గాని అత్తగారు నవ్వేశారు.

కాగితాల పని వేరే కథ. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో 2016లో అయిపోయింది. సొంత కారుకి మొదట పదిహేనేళ్ళు, తరువాత బండి బాగుందని తనిఖీలో తేలితే ఐదేసి ఏళ్ళు పొడిగిస్తారు. మామయ్యగారి పేరు నుంచి మావారి పేరుకి మార్పు, ఇన్సూరెన్సు, పొగ పరీక్ష, హరిత పన్ను, కొత్తగూడెం రవాణా ఆఫీసుకి నాలుగు తిరుగుళ్ళు. మేము కట్టినప్పుడు పదిహేనేళ్ళు దాటిన కార్లకి పొడిగింపు రుసుము 5,000 రూపాయలు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు, కాబట్టి మీరు చేయిస్తే ఆ లెక్క వేసుకోండి. నాకు నవ్వొచ్చిన సంగతి ఒకటుంది. ఈ కారు ఖమ్మం జిల్లా కారుగా పడుకుని, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కారుగా లేచింది. 2016 అక్టోబరులో జిల్లాలు మారినప్పుడు అది పట్టా కింద ఉంది కదా. ఖర్చంతా కలిపి అరవై ఎనిమిది వేలయింది. ఇనుముగా అమ్మితే ఇరవై ఎనిమిది వేలు వచ్చేవి. లెక్కలు తెలిసినవాళ్ళు నవ్వుకోవచ్చు, మా తమ్ముడు ఇప్పటికే నవ్వాడు.

కాగితాలన్నీ చేతికొచ్చాక ఒక మంగళవారం తెల్లవారుజామున బయల్దేరాం. చింతపండు పులిహోర, గారెలు, మజ్జిగ సీసా సర్దుకున్నాను. అత్తగారు వెనక సీట్లో, మామయ్యగారు ఎప్పుడూ ఆవిణ్ణి కూర్చోబెట్టే ఎడమవైపు కిటికీ పక్కన కూర్చున్నారు. ఊరు దాటిన కొద్దిసేపటికే ఆంధ్రప్రదేశ్. ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు. "ఇదంతా మనదే కదా, ఎవరు గీశారు గీత?" అంటారు. జీలుగుమిల్లి దాటాక పొగాకు చేలు, ఆకు కాల్చే ఎత్తైన బ్యారన్లు మొదలయ్యాయి. మావారు నలభై దాటనివ్వలేదు. వెనకొచ్చే లారీలన్నీ హారన్లు కొట్టి మమ్మల్ని దాటిపోయాయి. ఒక లారీ డ్రైవరు మాత్రం పక్కకొచ్చి, కారుని చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఎందుకో మరి.

జంగారెడ్డిగూడెం దగ్గర టీ తాగి గుర్వాయిగూడెం వెళ్ళాం. మద్ది ఆంజనేయస్వామి గుడి చూడనివాళ్ళకి చెబుతాను. ఎర్రకాలువ ఒడ్డున పెద్ద మద్దిచెట్టు, దాని తొర్రలో స్వామి. మంగళవారం, శనివారం జనం కిటకిటలాడతారు. మేము వెళ్ళేసరికే క్యూ బయటికొచ్చింది. ఈ ఊరు కూడా మేము పాతరోజుల్లో వచ్చినప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. స్వామి మాత్రం అక్కడే ఉన్నాడు, అంతవరకు నయం!

దర్శనం అయ్యాక కారుకి పూజ చేయించాం. పూజారిగారు బానెట్ మీద సింధూరం పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "కొత్త బండా అమ్మా?" అని అలవాటు కొద్దీ అడిగారు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అత్తగారే, "అవునండీ" అన్నారు.

తిరుగు దారిలో ఒక చెట్టు కింద ఆగి పులిహోర తిన్నాం. అమ్మే సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. మావారు కారుని షెడ్డులో కాదు, వాకిట్లో వేపచెట్టు కింద పెట్టారు. నేను గిన్నెలు దింపుకుని లోపలికి వచ్చాను. అన్నాలయ్యాక ఆయన టార్చి తీసుకుని బయటికి వెళ్ళబోతుంటే, మంచం మీంచి అత్తగారి గొంతు వినిపించింది.

"లైటు ఆపాను నాయనా. రెండుసార్లు చూశాను."

"సరేనమ్మా" అని, ఆయన మళ్ళీ ఒకసారి చూసి వచ్చారు.